దీదీ ఛార్జి అప్పగించిన రోజు

నన్ను ఎవరూ ఎన్నుకోలేదు. ముందే చెప్పేస్తున్నాను, తర్వాత దాచానని అనకండి. భిలాయిలో ఒక విశ్వవిద్యాలయ విద్యార్థి సంఘానికి ఏడాది పాటు కార్యదర్శిగా పనిచేశాను గాని, నా పేరు మీద ఒక్క ఓటు కూడా పడలేదు. మా ఛత్తీస్‌గఢ్‌లో కొన్నేళ్ళు ఎన్నికలు పెడతారు, కొన్నేళ్ళు మనోనయన్ అంటారు. అంటే నామినేషన్. క్లాసులో ఎవరికి ఎక్కువ మార్కులొస్తే వాళ్ళే ప్రతినిధి. ఆ ప్రతినిధుల్లో మళ్ళీ మార్కులు చూసి పదవులు పంచేస్తారు. నేను చదివిన మూడేళ్ళూ ఈ పద్ధతే నడిచింది.

రెండో ఏడు ఫలితాలు వచ్చిన వారానికి నోటీసు బోర్డు మీద కార్యదర్శి అని నా పేరు కనబడింది. నాకు నవ్వొచ్చింది. నాకు తెలిసిన యూనియన్ ఏమిటంటే, ఫ్రెషర్స్ పార్టీకి బ్యానరు కట్టడం, ఆగస్టు పదిహేనున లడ్డూలు పంచడం. ఫోటో తీసి ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. మా పిన్ని మూడు చప్పట్లు పంపింది. నాన్న మాత్రం ఆ సాయంత్రం రుఆబాంధా క్వార్టర్‌లో చెప్పులు విప్పుతూనే, యూనియన్లూ జిందాబాదులూ మనకెందుకు, ఎం.ఎస్సీ ఎంట్రన్సుకి చదువుకో అన్నారు. నాన్న స్టీల్ ప్లాంట్‌లో షిఫ్ట్ ఇన్‌ఛార్జి. శ్రీకాకుళం నుంచి పాతికేళ్ళ క్రితం వచ్చారు. ఆయన మాట నాకు వేదమేం కాదు గాని, ఈసారి నాకూ అదే నచ్చింది.

అప్పటిదాకా కార్యదర్శిగా ఉన్నది చరోదా దీదీ. చరోదా ఊళ్ళో రైల్వే కాలనీ పిల్ల. వాళ్ళ నాన్న యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్, తాతగారు కూడా రైల్వేయే. ఆదివారం చర్చికి వెళ్ళే కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, కోపమొస్తే ఛత్తీస్‌గఢీ. ఆమె డిగ్రీ అయిపోయింది. విశాఖపట్నంలో ఎం.ఎస్సీ సీటు వచ్చిందని అందరికీ తెలుసు. టీసీ కూడా ఆఫీసులో సిద్ధంగా ఉందట. కాని ఆవిడ తీసుకోదు. రోజూ చరోదా నుంచి రెండు ఆటోలు మారి వచ్చి, కెమిస్ట్రీ బ్లాకు వెనక ఉన్న యూనియన్ గదిలో పొద్దున్న పదింటి నుంచి సాయంత్రం దాకా కూర్చుంటుంది. చదువైపోయినా కుర్చీ మీద మోజు పోలేదు చూడు అని మేం క్యాంటీన్లో నవ్వుకునేవాళ్ళం. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే, దాచుకోవడమెందుకు.

ఆమె నాకు రెండుసార్లు మెసేజ్ పెట్టింది. వచ్చి ఛార్జి తీసుకో అని. రెండుసార్లూ 'కల్ పక్కా, దీదీ', రేపు ఖాయం అని జవాబిచ్చాను. మూడోసారి నాకే ఒళ్ళు మండింది. ఇంత చిన్న పనికి వాన్లో స్కూటీ వేసుకుని రావాలా? కాగితం ఫోటో తీసి పంపండి, సంతకం పెట్టి తిప్పి పంపేస్తాను అన్నాను. చాలాసేపటికి జవాబొచ్చింది. ఛార్జి వాట్సాప్‌లో ఇవ్వరు అని. అంతే. ముందూ వెనకా ఏమీ లేదు. అబ్బో, ఎంత టెక్కు అనుకున్నాను.

గురువారం మధ్యాహ్నం నాన్న ఫస్ట్ షిఫ్ట్ దిగి వచ్చి భోంచేస్తుంటే ఈ సంగతంతా ఏకరువు పెట్టాను. యూనియన్ అంటే పడని మనిషి కదా, నా పక్షం మాట్లాడతారని నా ధీమా. కుర్చీ వదలని దీదీ గురించి వెటకారంగా చెప్పాను. టీసీ సంగతి చెప్పాను. వాట్సాప్ సంగతి కూడా చెప్పి నవ్వాను. నాన్న నవ్వలేదు. అన్నం కలపడం ఆపేశారు.

"ఆ అమ్మాయి రిలీవర్ ఎవరు?" అని అడిగారు.

నేనే అన్నాను.

"నువ్వేటే? నువ్వెళ్ళకపోతే ఆ పిల్ల ఎలా దిగుతాది?"

ఆ మాట ఆయన గట్టిగా కూడా అనలేదు. కాని నాకు తల కొట్టేసినట్టయింది. మా ఇంట్లో పుట్టిన పిల్లకి ఈ సంగతి ఒకరు చెప్పాలా? ప్లాంట్‌లో రిలీవర్ రాకుండా ఎవరూ ఫర్నేస్ దగ్గర్నుంచి కదలరు. షిఫ్ట్ అయిపోయిందని చెయ్యి కడుక్కుని వచ్చేయడం ఉండదు. నా చిన్నప్పుడు ఒకసారి వాన ఎక్కువై రిలీవర్ రాలేకపోతే నాన్న రెండు షిఫ్టులు అక్కడే ఉండిపోయారు. అమ్మ ఎవరి చేతో క్యారియర్ పంపింది. తర్వాత ఆయన ఆ రిలీవర్‌ని ఒక్క మాట అనలేదట గాని, ఆ మనిషి మా ఇంటికొచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు, లోపలికి రావడానికి ముఖం చెల్లక. ఆ మనిషిని చూసి జాలిపడిన నేనే ఇప్పుడు పదిహేను రోజులుగా ఒక ఆడపిల్లని డ్యూటీలో నిలబెట్టేశాను. పైగా కుర్చీ మోజు అని నవ్వాను. రైల్వేలోనూ ఇదే లెక్క. చరోదా కాలనీ పిల్లకి ఇది ఉగ్గుపాలతో వచ్చి ఉంటుంది. ఆమె నన్ను పిలిచింది, నేను రాలేదు, కాబట్టి ఆమె దిగలేదు. ఇంతకంటే అందులో ఏమీ లేదు. నాన్న మజ్జిగ పోసుకుని మళ్ళీ తినడం మొదలుపెట్టారు.

శుక్రవారం పదింటికి ముందే వెళ్ళాను. వాన కురిసి ఆగింది. గది తలుపు తీసే ఉంది. లోపల ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక ఇనుప బీరువా. బల్ల పక్కన ఒక సూట్‌కేసు, ఒక బెడ్డింగు. దీదీ తలెత్తి చూసింది. ఇన్నాళ్ళూ ఏమయ్యావని అడుగుతుందని, తిడుతుందని, రెండు మూడు సాకులు కట్టుకుని వెళ్ళాను. ఒక్కటీ పనికి రాలేదు. "వచ్చీసేవా? కూకో," అని కుర్చీ చూపించి, బీరువాలోంచి ఒక లావుపాటి రిజిస్టరు తీసింది.

దాన్ని ఛార్జి బుక్కు అంటారట. అలాంటిది ఒకటుందని నాకు అప్పటిదాకా తెలీదు. సంతకం ఎక్కడ పెట్టాలి అని అడిగాను. సంతకం ఆఖర్న అంది. ముందు నేను చదువుతాను, నువ్వు విని తిరిగి చెప్పాలి అంది. నాకు అర్థం కాలేదు. వాళ్ళ నాన్న యార్డులో అలాగేనట. చెప్పిన మాటని విన్నవాడు మళ్ళీ తన నోటితో చెప్తేనే అది అందినట్టు. లేకపోతే చెప్పనట్టే లెక్క.

ఇక మొదలైంది. కెమిస్ట్రీ బ్లాకులో ఆడపిల్లల బాత్రూము గడియ ఊడిపోయింది, మార్చిలో ఉత్తరం, ఏప్రిల్లో రెండో ఉత్తరం, మేలో బిగించారు, మళ్ళీ ఊడింది. తిరిగి చెప్పు. చెప్పాను. లైబ్రరీ ఆదివారం తెరవాలని అడిగాం, పరీక్షల నెలలో మాత్రం ఒప్పుకున్నారు, రాతలో తీసుకోవాలి. తిరిగి చెప్పు. చెప్పాను. ఉతై ఊరి నుంచి వచ్చే బస్సు మన గేటు దగ్గర ఆగదు, అందులో వచ్చే వాళ్ళకి మొదటి క్లాసు పోతోంది, టైం టేబుల్ మార్చమని అడిగాం, మార్చలేదు. చూపు మందగించిన ఒక అబ్బాయికి పరీక్షలో పక్కన రాసిపెట్టే మనిషి కావాలి, అడిగాం, ఇచ్చారు, ఈ ఏడు మళ్ళీ అడగాలి, వాళ్ళంతట వాళ్ళు ఇవ్వరు.

ఒక పావుగంట తర్వాత నేను వాచీ చూసుకోవడం మానేశాను. నేను ఆ కెమిస్ట్రీ బ్లాకులో రెండేళ్ళు తిరిగాను. ఆ గడియ బిగించిన రోజు 'హమ్మయ్య, ఇన్నాళ్ళకి ఎవరికో బుద్ధొచ్చింది' అనుకున్నది నేనే. ఆ ఎవరో ఈమె. పరీక్షల ఆదివారాల్లో నేను ఫ్యాను కింద కూర్చుని చదువుకున్న లైబ్రరీ ఈమె తెరిపించింది. నా రెండేళ్ళ చదువు కింద ఇన్ని ఉత్తరాలున్నాయని నాకు తెలీనే తెలీదు. ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే జరగని పనుల పక్కన ఎందుకు జరగలేదో కూడా రాసుకుంది. ఒకచోట 'కాలేదు, నేను సరిగ్గా అడగలేదు, కోపంగా మాట్లాడాను' అని ఉంది. ఈ పుస్తకం ఎవరూ చూడరు. ఇది ఎవరికి చూపించడానికి రాసింది? నాలాంటి దానికే కదా. రిలీవర్ కోసం.

ఈమెని కూడా ఎవరూ ఎన్నుకోలేదు. మార్కుల లిస్టులోంచే వచ్చింది. ఓటేసిన వాళ్ళుంటే వాళ్ళకి భయపడి చేసిందనుకోవచ్చు. ఎవరికీ భయపడక్కర్లేని చోట ఇంత ఎలా చేసిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

చివరి పేజీ దగ్గర ఆమె కాస్త నెమ్మదించింది. అదొక్కటే ఇంకా తేలని పని. ఉతై నుంచి వచ్చే మొదటి ఏడాది అమ్మాయి. ప్రాక్టికల్ పరీక్ష పొద్దుటి బ్యాచ్. బస్సు ఆలస్యమై చేరేసరికి బ్యాచ్ అయిపోయింది. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ జాలిపడి మధ్యాహ్నం బ్యాచ్‌తో కూర్చోబెట్టాడు. ఆ అమ్మాయి రాసింది, ఆయన సంతకం కూడా పెట్టాడు. కాని పొద్దుటి షీటులో ఆబ్సెంట్ అని పడిపోయింది, మధ్యాహ్నం షీటులో ఆమె పేరు అడుగున చేత్తో రాసి ఉంది, ఆఫీసు దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. ఆ ఆబ్సెంట్ అలాగే ఉంటే ఏడాది పోయినట్టే. ఒక్కసారి తప్పితే చదువు బంద్ అని ఇంట్లో ముందే చెప్పి పంపారట.

ఆ రోజు మూడింటికి పరీక్షల కమిటీ. ఆబ్సెంట్ల లిస్టు అక్కడ ఖాయం చేస్తారు, ఆ తర్వాత మార్చడానికి ఉండదు. కమిటీలో విద్యార్థుల తరఫున ఒకే ఒక్క కుర్చీ ఉంది, అది కార్యదర్శిది. ఆ సమావేశం రెండుసార్లు వాయిదా పడి ఆ రోజుకి వచ్చింది. కొత్తవాళ్ళు ఛార్జి తీసుకునే వరకు పాతవాళ్ళు కొనసాగుతారని సంఘం నియమాల్లో ఒక వాక్యం ఉందట, దీదీ దాన్ని పట్టుకుంది. కాని టీసీ తీసుకుంటే ఇక్కడి విద్యార్థి కాకుండా పోతుంది, ఆ వాక్యం కూడా పనికి రాదు. విశాఖలో చేరడానికి ఆఖరి రోజు శనివారం. టీసీ లేకుండా అక్కడ చేర్చుకోరు. విశాఖ బండి దుర్గ్ నుంచి నాలుగింటిలోపే బయల్దేరిపోతుంది.

ఆ పేజీ అడుగున 'హాజరయ్యేది' అని రాసి ఎదురుగా తన పేరు పెట్టుకుని ఉంది.

"నేను రాకపోతే ఏం చేసేదానివి దీదీ?"

"ఉండిపోదును. ఏటుంది? ఎంట్రన్సు మళ్ళీ ఏడు రాసుకుంటాను. ఆ పిల్లకి మళ్ళీ ఏడు లేదు కదా."

టీ తాగుతావా అని అడిగినంత మామూలుగా అంది. నాకైతే కన్నీళ్ళు ఆగలేదు. సారీ దీదీ, సారీ దీదీ అని గొణిగాను. ఆమె రిజిస్టరు నా వైపు తిప్పి, తిరిగి చెప్పు అంది. ఏడుస్తూనే చెప్పాను. పొద్దుటి బ్యాచ్, మధ్యాహ్నం బ్యాచ్, అడుగున చేత్తో రాసిన పేరు, దరఖాస్తులు పెట్టిన తేదీలు, మధ్యాహ్నం బ్యాచ్ కాగితాల కట్ట విప్పించాలి. ఒకచోట తడబడితే మళ్ళీ మొదట్నుంచి చెప్పించింది. అప్పుడు తన పేరు కొట్టేసి నా పేరు రాసింది, టైం వేసింది, ఇద్దరం సంతకాలు పెట్టాం. తాళంచెవి నా చేతిలో పెట్టి, ఆఫీసుకి వెళ్ళి టీసీ తీసుకుని, ఆటోలో సామాను పెట్టుకుని వెళ్ళిపోయింది. ధైర్యంగా మాట్లాడు అని గాని, భయపడకు అని గాని ఒక్క మాట చెప్పలేదు.

మూడింటికి కమిటీ గదిలో అందరికంటే చివర కూర్చున్నాను. అధ్యక్షుడిగా ఉన్న ప్రొఫెసర్ గారు కాగితాలు చకచకా తిప్పుతున్నారు. తీర్మానాలు ఇంత తొందరగా అయిపోతాయని నాకు తెలీదు. ఆయన చదవడం, ఖాయం కదా అనడం, అందరూ తల ఊపడం, పేజీ తిరగడం. ఆబ్సెంట్ల లిస్టు వచ్చింది. పేర్లు కూడా చదవలేదు. లిస్టు ఖాయం కదా అన్నారు. తలలు ఊగాయి. ఎవరిలోనూ చెడ్డతనం లేదు, అది గుర్తుంది నాకు. మళ్ళీ వాన రాకముందే ఇళ్ళకి పోదామనుకుంటున్న మామూలు మనుషులు. ప్రొఫెసర్ గారి వేలు పేజీ అంచున పడింది.

"ఒక్క నిమిషం సర్," అన్నాను.

అందరూ నా వైపు తిరిగారు. నువ్వెవరమ్మా అన్నారాయన. చెప్పాను. పాత కార్యదర్శి వేరే అమ్మాయి కదా, నిన్ను ఎన్నుకున్నారా అని అడిగారు. ఆ ప్రశ్నకి నేను సిద్ధపడి వెళ్ళలేదు.

"లేదు సర్, ఎవరూ ఎన్నుకోలేదు. మార్కులొచ్చాయని వేశారు. ఇవాళే ఛార్జి తీసుకున్నాను. ఈ లిస్టులో ఒక అమ్మాయి పరీక్ష రాసింది. మధ్యాహ్నం బ్యాచ్ కట్ట విప్పి చూడండి."

ఒకాయన ఇప్పుడెందుకమ్మా, దరఖాస్తు పెట్టుకో అన్నారు. దరఖాస్తు రెండుసార్లు పెట్టాం సర్, తేదీలు చెప్పమంటారా అన్నాను. పొద్దున్న రెండేసి సార్లు తిరిగి చెప్పించిన తేదీలు, నోట్లోనే ఉన్నాయి. ప్రొఫెసర్ గారు కళ్ళజోడు తీసి నన్ను కాసేపు చూసి, కట్ట తెప్పించమన్నారు. తెచ్చారు. తాడు విప్పారు. నాలుగో ఐదో కాగితం దగ్గర ఉంది. ఆ అమ్మాయి దస్తూరి, లెక్కలు, ఎగ్జామినర్ సంతకం. ఆయన దాన్ని రెండుసార్లు చూశారు. సరిచేయండి అని గుమస్తా గారికి చెప్పి పేజీ తిప్పేశారు. టీ కూడా చల్లారి ఉండదు, అంతే సమయం పట్టింది.

ఆ తర్వాత కమిటీ ఏం మాట్లాడిందో నాకు గుర్తు లేదు. ఒక కుర్చీ. ప్లాస్టిక్ కుర్చీ కూడా, ఒక కాలు కొంచెం కుంటిది. అది ఖాళీగా ఉండి ఉంటే ఆ కట్ట తాడు ఎవరూ విప్పేవాళ్ళు కాదు, ఒక అమ్మాయి రాసిన పరీక్ష రాయనిదైపోయేది, ఎవరికీ ఏ తప్పూ చేసినట్టు అనిపించేది కాదు. అందులో ఒక మనిషి ఉండాలని ఎప్పుడో ఎవరో కొట్లాడి నియమం రాయించి ఉంటారు. వాళ్ళెవరో తెలీదు. వాళ్ళకి అక్కడే చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది, నిజం.

గదిలోంచి బయటికి రాగానే ఫోన్ తీశాను. వరండాలో నడుస్తూనే దీదీకి కొట్టాను. బండి కదిలిపోయినట్టుంది, వెనక చక్రాల చప్పుడు. ఊపిరి తిప్పుకోకుండా అంతా చెప్పేశాను. ఒక్క నిమిషం సర్ అన్నాను దీదీ, కట్ట విప్పించాను దీదీ, ఆయన ఇలా చూశారు, నేను ఇలా అన్నాను. శెభాష్ అంటుందని ఎదురుచూశాను.

"ఆ పిల్లకి చెప్పీసేవా?" అంది.

ఇంకా లేదన్నాను.

"నాకెందుకు చెప్తున్నావు? నేను దిగిపోయాను. ముందు దానికి చెప్పు," అని ఫోన్ పెట్టేసింది.

వెనక్కి తిరిగి చూశాను. కమిటీ గది పక్కనే ఉన్న బెంచీ మీద, ఒళ్ళో సంచీ పెట్టుకుని ఒక పిల్ల కూర్చుని ఉంది. నీలం చున్నీ, తడిసిన చెప్పులు. ఆ ఉతై పిల్లే. నేను ఆమె ముందు నుంచే ఫోన్లో నవ్వుకుంటూ నడిచి వచ్చాను. కొత్త కార్యదర్శిని నేనేనని ఎవరో చెప్పారు కాబోలు, లేచి నిలబడింది గాని పిలవలేదు. పొద్దున్న నుంచీ అక్కడే ఉందట. సిగ్గుతో చచ్చిపోయాను.

దగ్గరికి వెళ్ళాను. ఆమె నా నోటి వైపు చూస్తూ అడిగింది.

"కా హోఇస్ దీదీ?"

ఏమైంది అని. నువ్వు పరీక్ష రాశావని కమిటీ ఒప్పుకుంది అని హిందీలో చెప్పాను. నెమ్మదిగా, ఆమెకి అందేదాకా రెండుసార్లు చెప్పాను. ఆమె సంచీని గట్టిగా పట్టుకుంది.

రాశానని నాకు తెలుసు కదా దీదీ, వాళ్ళకి ఎవరు చెప్పారు అని అడిగింది.

నేనే అనబోయాను, నోటిదాకా వచ్చింది.

"యూనియన్ చెప్పింది," అన్నాను.